‘మా సిస్టంల వచ్చిందక్కా’ అంటే సరిపోదు

మా శంషాబాద్ వైపు ఉండేవాళ్ళకు ముహూర్తాలు తెలియడానికి పంచాంగం అక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి హైవే మీద బండ్లు ఎక్కడ ఆగిపోయాయో చూస్తే చాలు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి ఇటు వచ్చాక, బెంగళూరు రోడ్డుకు అటూ ఇటూ ఫంక్షన్ హాళ్ళు, గార్డెన్లు వరసగా లేచాయి. పెళ్ళికి ముందు అమ్మపల్లి రాములవారి గుడి కోనేటి మెట్ల మీద ఫొటోలు, పెళ్ళి రోజు ఆకాశంలో డ్రోను, రిసెప్షన్‌లో క్రేన్ కెమెరా. ఈ రోజుల్లో వీడియో తీయించని పెళ్ళి నాకు తెలిసి ఒక్కటీ లేదు.

తీయించడం సరే. మీ పెళ్ళి వీడియోను ఈ రాత్రి మీ ఇంట్లో టీవీలో చూడగలరా? ముఖ్యంగా 2000కీ 2015కీ మధ్య పెళ్ళిళ్ళయిన మనందరినీ అడుగుతున్నాను. మన పెళ్ళిళ్ళు వెల్వెట్ అట్టపెట్టెల్లో, గుండ్రటి డిస్కుల్లో ఉన్నాయి. చాలా ఇళ్ళల్లో ఆ పెట్టె పట్టుచీరల బీరువాలో అడుగు అరలో ఉంటుంది. ఎప్పుడైనా తీసి ప్లేయర్లో వేస్తే, ఒకటి ఆడుతుంది, ఇంకోటి ఆగి ఆగి ఆడుతుంది, మూడోది పెట్టగానే తెర మీద ‘నో డిస్క్’ అని వస్తుంది. చేతిలో డిస్కు ఉండగానే డిస్కు లేదంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్టూడియోవాళ్ళ కంప్యూటర్లో ఆడితే వాళ్ళ పని అయినట్టు. మన ఇంట్లో, మన టీవీ ముందు, రిమోట్‌లో రెండు బటన్లు తప్ప తెలియని మనిషి చూడగలిగితేనే అది మన వీడియో అయినట్టు. ఆ తేడా తెలుసుకుని అడగాల్సింది మనమే. ఇంట్లో జ్ఞాపకాలు దాచే పని ఎలాగూ మన నెత్తినే ఉంది కాబట్టి, అవి తెరుచుకుంటాయో లేదో చూసే పని కూడా మనం తీసుకోవాలి.

ముందు ఒక చిన్న సందేహం తీర్చుకుందాం. 2007 ప్రాంతంలో మోజర్ బేయర్ కంపెనీ సినిమా సీడీలు 28 రూపాయలకు, డీవీడీలు 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది, గుర్తుందా? కిరాణా కొట్లో సబ్బుల పక్కన కూడా వేలాడదీసేవారు. ఆ 28 రూపాయల సీడీ ఏ ప్లేయర్లో వేసినా ఆడేది. వేలకు వేలు పోసి తీయించిన పెళ్ళి డిస్కు మాత్రం మొరాయించేది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండూ తళతళలాడతాయి. మరి తేడా ఎక్కడుంది?

రాతి గడప ముందు చెక్కిన ముగ్గు ఉంటుంది, పొద్దున్నే పిండితో వేసే ముగ్గు ఉంటుంది. దూరం నుంచి చూస్తే రెండూ ముగ్గులే. సినిమా డిస్కు చెక్కిన ముగ్గులాంటిది. ఫ్యాక్టరీలో అచ్చు వేసి, ప్లాస్టిక్‌లో సన్నటి గుంటలు పడేలా చేస్తారు. పెళ్ళి డిస్కు పిండి ముగ్గు. ఖాళీ డిస్కులో పల్చటి రంగు పూత ఉంటుంది. స్టూడియోలో లేజర్ ఆ పూతను అక్కడక్కడా మాడ్చి, గుంటలున్నట్టు గుర్తులు పెడుతుంది. ప్లేయర్‌లోని కన్ను ఆ గుర్తుల మీద పడి వెనక్కి వచ్చే వెలుతురును చదువుతుంది. కొన్ని ప్లేయర్ల కన్ను చురుకు, కొన్నిటిది మందం. చెక్కిన ముగ్గును అన్నీ చదువుతాయి. పిండి ముగ్గు దగ్గరకొచ్చేసరికి కొన్ని తడబడతాయి.

దీని పైన కంపెనీల పంతం ఒకటి తోడైంది. సినిమా డీవీడీలు 1996 చివర్లో జపాన్‌లో అమ్మకానికొచ్చాయి. మరుసటి ఏడాదే పయొనీర్ కంపెనీ డిస్కు మీద రాసే యంత్రాన్ని తెచ్చింది. అది ‘డీవీడీ మైనస్ ఆర్’ పద్ధతి. ఫిలిప్స్, సోనీ, హెచ్‌పీ లాంటి కంపెనీలు కలిసి ‘ప్లస్’ పద్ధతి తెచ్చాయి. 2002లో ‘డీవీడీ ప్లస్ ఆర్’ బజారుకొచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరు తోటికోడళ్ళనుకోండి. ఒకే ఎత్తు, ఒకే బరువు, ఇద్దరిలోనూ పట్టేది 4.7 జీబీయే. కానీ ఒకరి పద్ధతి ఒకరికి పడదు. అదే ఏడాది సోనీ రెండు రకాలూ రాసే డ్రైవ్‌ను తెచ్చింది, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. అంటే కంప్యూటర్ ఉన్నవాళ్ళ కష్టం తీరింది. అప్పటికే ఇళ్ళల్లో టీవీ కింద కొలువు తీరిన పాత ప్లేయర్ల సంగతి ఎవరికీ పట్టలేదు. వాటిలో చాలావాటికి మైనస్ అలవాటు, ప్లస్ కొత్త.

ఇంకో రకం కూడా ఉంది, ‘ఆర్‌డబ్ల్యూ’. చెరిపి మళ్ళీ రాసుకునే డిస్కు. దాని మీద నుంచి వెలుతురు తక్కువగా వెనక్కొస్తుంది. మామూలు సినిమా డిస్కు నుంచి కనీసం 45 శాతం వెలుతురు తిరిగొస్తే, ఈ చెరిపే డిస్కు నుంచి వచ్చేది 18 నుంచి 30 శాతమే. రెండు పొరల సినిమా డిస్కు కూడా ఇంతే వెలుతురు ఇస్తుంది కాబట్టి, కొన్ని పాత ప్లేయర్లు దీన్ని రెండు పొరలదనుకుని లేని రెండో పొర కోసం వెతికి, అలిసిపోయి, ‘నో డిస్క్’ అనేసేవి. డిస్కూ మంచిదే, ప్లేయరూ మంచిదే. వాటికి జాతకం కలవలేదంతే.

ఇదంతా మనకెందుకు అనకండి. ఇండక్షన్ స్టవ్ కొత్తగా కొన్నప్పుడు మనలో ఎవరం సత్తు గిన్నె పెట్టి వేడెక్కలేదని స్టవ్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాం? అడుగు అయస్కాంతానికి అంటుకునే గిన్నె కావాలని రెండు రోజుల్లో తెలుసుకున్నాం. కొట్లో గిన్నె తిరగేసి గుర్తు చూసి మరీ కొంటున్నాం. డిస్కు సంగతి దానికన్నా కష్టమేమీ కాదు. ‘అది టెక్నికల్ విషయం, నీకు తెలియదులే’ అని ఎవరో అన్నారని మనమే పక్కన పెట్టేశాం.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా ఆడపడుచు పెళ్ళి 2009లో, తొండుపల్లి దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో చేశాం. విమానాశ్రయం వచ్చిన కొత్త, పెళ్ళి ఫొటోల్లో సగానికి పైగా విమానం వెళ్తుంటే అందరూ పైకి చూస్తున్నవే. స్టూడియోవాళ్ళు నాలుగు డీవీడీలు ఇచ్చారు. మొదటి మూడూ మా ప్లేయర్లో చక్కగా ఆడాయి. నాలుగోది ఆడలేదు. తీసుకెళ్ళి అడిగితే కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్లో వేసి చూపించాడు. “చూడక్కా, మా సిస్టంల మంచిగనే వచ్చింది. మీ ప్లేయర్ పాతదైనట్టుంది, లెన్స్ మార్పిచ్చుకోండ్రి” అన్నాడు. మావారు సరేనని తెచ్చేసుకున్నారు. కొత్త ప్లేయర్ కొనడం వాయిదా పడుతూ పడుతూ, ఇంట్లో అందరి నోటా ‘ఆ నాలుగోది ఖరాబైంది’ అన్న మాట స్థిరపడిపోయింది.

ఆ నాలుగో డిస్కులో ఉన్నవి అప్పగింతలు. పాలలో తడిపిన కూతురి చేతులు అల్లుడి చేతుల్లో, వియ్యంకుల చేతుల్లో పెట్టేటప్పుడు మా అత్తమ్మ పాడిన పాట ఉంది. అత్తమ్మ పాటలు ఊళ్ళో అందరికీ తెలుసు. బతుకమ్మకు గొంతెత్తేది తనే, ఎవరింట్లో పేరంటమైనా మంగళహారతి తనదే. కానీ ఆమె గొంతు ఇంకెక్కడా రికార్డయి లేదు. ఫోన్లో పాడమంటే “ఛీ, సిగ్గైతది” అని చీర కొంగు అడ్డం పెట్టుకునేది. 2021లో అత్తమ్మ పోయింది.

కిందటి ఏడాది ఆబ్దికానికి ఆడపడుచు న్యూజెర్సీ నుంచి వచ్చి, “వదినా, అమ్మ పాట ఒక్కసారి వినాలని ఉంది” అంది. అప్పుడు ఎదురింటివాళ్ళ పాత ల్యాప్‌టాప్ తెచ్చి ఆ ‘ఖరాబైన’ డిస్కు వేస్తే, అది ఆడింది. పైన అంచు మీద సన్నటి అక్షరాలు చదివి చూస్తే, మొదటి మూడూ మైనస్ ఆర్, నాలుగోది ప్లస్ ఆర్. స్టూడియోలో ఆ రోజు ఏది చేతికి దొరికితే అది వాడారు. మా ప్లేయర్ 2003లో కొన్నది, దానికి ప్లస్ అర్థం కాలేదు. పన్నెండేళ్ళ పాటు, అత్తమ్మ బతికుండగానే, ఆమె పాట మా బీరువాలోనే ఉండి మాకు వినపడలేదు. ఆమె కూడా వినలేదు.

పాట మొత్తం వచ్చిందా అంటే, చాలావరకు వచ్చింది. చివరి చరణం దగ్గర బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరి, కూతురి చేతుల మీద అత్తమ్మ చేతులున్న చోట ఆగిపోయింది. దీనికీ ఒక కారణం ఉందని తర్వాత తెలుసుకున్నాను. డిస్కులో రాత మధ్యలో మొదలై అంచు వైపు సాగుతుంది. అంటే గణపతి పూజ లోపలి చుట్టుల్లో ఉంటుంది, అప్పగింతలు బయటి అంచున ఉంటాయి. మన వేళ్ళు తగిలేది, గీతలు పడేది, పూత మొదట దెబ్బతినేది ఎక్కువగా ఆ అంచునే. డిస్కు నిండా కుక్కి రాస్తే ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వేరే డ్రైవ్‌లో వేసి చూస్తే ఇంకో నిమిషం దొరికింది. కారు కదిలే ఘట్టం మాత్రం దొరకలేదు.

మా ఆడపడుచు దగ్గరా ఒక సెట్టు ఉండాలి కదా అని మీరు అడగొచ్చు. ఉండేది. పెళ్ళయిన రెండు నెలలకు సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కన పెట్టి పంపించాం. అక్కడి ప్లేయర్లో వేస్తే బొమ్మ రంగు లేకుండా దొర్లిపోయేదట, కొన్నిసార్లు అసలు వచ్చేదే కాదట. ఇది ప్లస్సు, మైనస్సుల గొడవ కాదు. మన దేశంలో టీవీ పద్ధతి ‘పాల్’, సెకనుకు 25 బొమ్మలు. అమెరికాలో ‘ఎన్‌టీఎస్‌సీ’, సెకనుకు దాదాపు 30. మన కరెంటు 50 హెర్ట్‌జ్, వాళ్ళది 60. ఆ తేడా లోంచే ఈ తేడా పుట్టింది. మన దగ్గర అమ్మే ప్లేయర్లు చాలావరకు రెండింటినీ ఆడిస్తాయి. అక్కడ అమ్మేవాటిలో చాలావాటికి పాల్ అంటే తెలియదు. ‘రీజియన్ కోడ్’ వల్ల అని కొందరంటారు. మనది 5, అమెరికాది 1 అన్నమాట నిజమే గానీ, ఆ తాళం ఉండేది కొన్న సినిమా డిస్కులకు. స్టూడియోవాళ్ళు రాసిచ్చే పెళ్ళి డిస్కుకు సాధారణంగా ఆ తాళం ఉండదు. ఆడనిది పాల్ వల్లే. చూడలేని సెట్టును ఎవరు జాగ్రత్త చేస్తారు? రెండు ఇళ్ళు మారేసరికి అది పోయింది.

ఇక్కడే నాకు బాధా, కొంచెం కోపమూ. అమెరికా వెళ్ళే కూతురికి మిక్సీ కొనేటప్పుడు “110 వోల్టులదేనా?” అని అడగని తల్లి మన తెలుగిళ్ళల్లో ఉందా? సికింద్రాబాద్‌లోనైనా, కోఠీలోనైనా, కొట్టువాడు మనం నోరు తెరవకముందే “అమెరికాకా అమ్మా?” అని అడుగుతాడు. రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు, అందులో కందిపొడి ఎంత, కారప్పొడి ఎంత అని గ్రాములతో సహా తూచి సర్దుతాం. అదే పెట్టెలో పెట్టే పెళ్ళి డిస్కు గురించి మాత్రం “అమెరికా టీవీలో ఆడుతుందా? ఎన్‌టీఎస్‌సీలో రాశారా?” అని ఎవరూ అడగలేదు. స్టూడియోవాళ్ళు అదే వీడియోను ఇంకో పద్ధతిలో రాసివ్వగలరు, కొంచెం సమయం పడుతుందంతే. మన ఇళ్ళల్లో సగం పెళ్ళిళ్ళు ఈ విమానాశ్రయం మీదుగానే ఎక్కడికో వెళ్ళేవి. అయినా ఆ ప్రశ్న కొట్టులో మామూలు మాట కాలేదు, ఎందుకంటే మిక్సీ ఆడకపోతే మనం మర్నాడే గొడవ చేస్తాం, పెళ్ళి వీడియో ఆడకపోతే ఎవరం ఏమీ అనం.

స్టూడియోల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. అందరూ బేరమాడేది ఆల్బమ్ దగ్గర, కెమెరాల లెక్క దగ్గర. కరిజ్మా ఆల్బమ్ ఎన్ని షీట్లు అని అడిగేవాళ్ళు, ఏ డిస్కు వాడతారని అడగరు. వంద డిస్కుల డబ్బా చవగ్గా దొరికితే అదే తెస్తారు. ఇంటికో రకం ప్లేయర్ ఉంటే అన్నిటిలో వేసి చూడడం వాళ్ళ వల్ల కాదు. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. కానీ ‘మా సిస్టంలో వచ్చింది’ అన్నది జవాబు కాదనే అంటాను. బ్లౌజు కుట్టినావిడ “బొమ్మకు తొడిగితే సరిపోయింది” అంటే ఊరుకుంటామా? కంప్యూటర్లోని డ్రైవ్ అన్ని రకాలూ చదువుతుంది, అందుకే అక్కడ ఆడడం పరీక్షే కాదు. అసలైన పరీక్ష టీవీ కింద ఉండే సాదా ప్లేయర్.

పైగా వాళ్ళ చేతిలో ఉన్న చిన్న చిన్న పనులు చేస్తే చాలా డిస్కులు ఆడేవి. రాయడం పూర్తయ్యాక ‘ఫైనలైజ్’ చేయాలి. అంటే డిస్కుకు ముగింపు ముద్ర వేయాలి. అది లేకపోతే రాసిన యంత్రం తప్ప వేరే ప్లేయర్ గుర్తుపట్టదు. వీడియోను డీవీడీ వీడియోగా రాయాలి, ఫైళ్ళను ఊరికే డిస్కులోకి లాగి పడేస్తే పాత ప్లేయర్‌కు అవి కనపడవు. ప్లస్ ఆర్ డిస్కే వాడాల్సి వస్తే, ‘బుక్ టైప్’ అనే గుర్తును మార్చి రాసే వీలు చాలా డ్రైవ్‌లలో ఉండేది. అప్పుడు అది ప్లేయర్‌కు మామూలు సినిమా డీవీడీలా కనిపించేది. డిస్కు మీద వధూవరుల ఫొటో స్టిక్కర్ అతికించకూడదు. అందంగా ఉంటుంది గానీ తిరిగేటప్పుడు బరువు ఓ పక్కకు లాగి డిస్కు వణుకుతుంది. మా నాలుగు డిస్కుల మీదా గులాబీల మధ్య వధూవరులు నవ్వుతూనే ఉన్నారు.

“ఇప్పుడు డిస్కులెక్కడివి, అంతా పెన్‌డ్రైవే కదా” అంటారు మా అమ్మాయి. రూపం మారింది, జబ్బు మారలేదు తల్లీ అన్నాను. మొన్న మా చుట్టాల పెళ్ళికి ముచ్చటైన చెక్కపెట్టెలో పెన్‌డ్రైవ్ ఇచ్చారు. వాళ్ళ టీవీలో పెడితే పేరు కనిపిస్తుంది, బొమ్మ రాదు. వీడియో ‘హెచ్ 265’ పద్ధతిలో ఉంది, ఆ టీవీ దానికన్నా పాతది. కొన్ని పెన్‌డ్రైవ్‌లు ‘ఎన్‌టీఎఫ్‌ఎస్’ పద్ధతిలో ఉంటాయి, కొన్ని టీవీలు దాన్ని చదవవు. అన్ని టీవీలూ చదివే పాత ‘ఫ్యాట్ 32’ పద్ధతిలో పెడదామంటే, ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. మూడు గంటల పెళ్ళిని ఒకే ఫైలుగా పెడితే అందులో పట్టదు. ఇంకొందరు లింకు పంపించి ఊరుకుంటారు. అద్దె కట్టినంత కాలమే ఆ లింకుకు ప్రాణం. డిస్కు దగ్గర నేర్చుకోని పాఠం మళ్ళీ మళ్ళీ మన ముందుకే వస్తోంది.

అందుకే నేను చెప్పేది, వీడియో మాట్లాడుకునే రోజున ఆల్బమ్ షీట్లతో పాటు మూడు మాటలు కూడా మాట్లాడుకోండి. మా ఇంటి టీవీలో ఆడించి చూపించాకే మిగతా డబ్బు. విదేశాల్లో ఉండేవాళ్ళ కోసం వాళ్ళ టీవీకి సరిపోయే కాపీ విడిగా. ఎడిట్ చేసిన వీడియో, ఏ ఫోన్లోనైనా తెరుచుకునే మామూలు ఎంపీ4గా ఒక కాపీ. ఇవి అడిగితే ఎవరూ నవ్వరు. నవ్వితే నవ్వనివ్వండి. మెనూలో గుత్తివంకాయ ఉందా లేదా అని పది సార్లు అడిగినప్పుడు లేని మొహమాటం ఇక్కడెందుకు?

బీరువాలో ఉన్న పాత డిస్కుల సంగతి మాత్రం వాయిదా వేయకండి. వీసీఆర్లు చేసే చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లోనే ఆపేసింది. ఎల్‌జీ 2024 చివర్లో బ్లూరే ప్లేయర్లు మానేసింది. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. మన దగ్గర 28 రూపాయలకు సినిమా ఇచ్చిన మోజర్ బేయర్ కూడా 2018లో మూసివేతకు వెళ్ళిపోయింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే అరే లేదు. డిస్కు బాగున్నా చదివే యంత్రం లేకపోయే రోజు దగ్గర్లోనే ఉంది. ఇంట్లో మూలన పడి ఉన్న పాత ప్లేయర్‌ను, పాత కంప్యూటర్‌ను స్టీలు సామానువాడికి వేసేముందు, అది చదవగలిగిన డిస్కులన్నీ చదివించుకోండి.

పని పెద్దదేం కాదు. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ బయట దొరుకుతుంది, నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. డిస్కు తెరిస్తే ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డర్ కనపడుతుంది. అందులో ఫైళ్ళు ముక్కలు ముక్కలుగా, ఒక్కోటి 1 జీబీ దాకా ఉంటాయి. ఏరకుండా ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. ‘హ్యాండ్‌బ్రేక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని ఎంపీ4గా మారుస్తుంది. పదో తరగతి పిల్లలెవరైనా గంటలో నేర్పిస్తారు. డిస్కు ఒక డ్రైవ్‌లో రాకపోతే పోయిందని తీర్మానించకండి, ఇంకో ఇంట్లో ఇంకో డ్రైవ్‌లో వేయండి. దుమ్ముంటే మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిటారుగా తుడవండి, గుండ్రంగా గంధం తీసినట్టు రుద్దకండి. టూత్‌పేస్టు చిట్కాలు డిస్కుల మీద వద్దు. కాపీ అయ్యాక ఒకటి మీ దగ్గర, ఒకటి తోబుట్టువు దగ్గర, వేరే ఊళ్ళో ఉంచండి.

ఈ పని మగవాళ్ళు చేయకూడదని కాదు. చేస్తే సంతోషమే. కానీ మా ఇంట్లో డిస్కు ఆడలేదంటే మావారికి అది ‘ప్లేయర్ రిపేరు’, నాలుగు వందల ఖర్చు. ఆ డిస్కులో ఏ పాట ఉందో, ఎవరి గొంతు ఉందో, వెనక వరసలో కూర్చున్న మేనత్త ఎవరో, ఏ ముసలమ్మ ఆ తర్వాత మూడు నెలలకే పోయిందో మనకు తెలుసు. విలువ తెలిసినవాళ్ళే గట్టిగా అడగగలరు. తాళం ఎవరి చేతిలో ఉండాలో వేరే చెప్పాలా?

ఈ ఆదివారం మధ్యాహ్నం బీరువా కింది అర తీయండి. ప్రతి డిస్కూ ఒక్కసారి వేసి చూడండి. ఏది ఆడింది, ఏది ఆడలేదు, ఆడనిదాని అంచు మీద ప్లస్ ఉందా మైనస్ ఉందా, ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. వాళ్ళ గొంతు వాళ్ళూ ఒకసారి వినాలి కదా.